మూడోసారి బీ3కి రాని మంత్రి

పోయిన వారం అన్నయ్య ఫోన్ చేశాడు. చదరంగం పోటీలో నాతో ఒకే ఒక్కసారి ఆడిన ఒక పెద్దాయన కన్నుమూశారనీ, ఆయన కూతురు తండ్రి ఆడిన ఆటలన్నిటినీ ఒకచోట రాసిపెట్టాలని వెతుకుతున్నారనీ, మా ఇద్దరి ఆట తాలూకు కాగితం మాత్రం ఆయన వస్తువుల్లో దొరకలేదనీ చెప్పి, "నీ కాపీ ఉందా?" అని అడిగాడు. ఉందని వెంటనే చెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు లేవలేకపోయాను. ఆయన నాకు బంధువు కారు, గురువూ కారు. ఆ ఆట తర్వాత మేమిద్దరం మళ్లీ బోర్డుకు అటూ ఇటూ కూర్చున్నదీ లేదు. అయినా ఆయన ముఖం కంటే ఆయన చెయ్యి నాకు స్పష్టంగా గుర్తుంది. పావును పైనుంచి కాకుండా పక్కనుంచి రెండు వేళ్లతో పట్టుకుని, గడికి సరిగ్గా మధ్యలో నిలిపి, ఒక్క క్షణం వేలు అలాగే ఆనించి ఉంచి, ఆ తర్వాతే గడియారం మీదికి వెళ్లే చెయ్యి అది.

ఆ రాత్రి అటక మీది నుంచి చెక్క పావుల పెట్టె దించాను. మూత జరపగానే పాత వార్నిష్ వాసన, పావుల అడుగున అంటించిన ఆకుపచ్చ బట్ట వాసన కలిసి వచ్చాయి. ఆ పెట్టె అడుగున నాలుగు మడతలు పెట్టిన స్కోర్ షీట్, అంటే ఆటలోని ఎత్తులన్నీ వరుసగా రాసుకున్న కాగితం, ఉంది. అసలు ప్రతిని నిర్వాహకులు తీసుకునేవారు, కార్బన్ కింద పడిన నకలు మనకు మిగిలేది. నా దగ్గరున్నది ఆ నీలిరంగు నకలే. మొదటి పదిహేను ఎత్తులు గుండ్రని అక్షరాలతో, వరుస తప్పకుండా ఉన్నాయి. ముప్పై దాటాక అక్షరాలు ఒరిగాయి. నలభయ్యో ఎత్తు దగ్గర, టైం అయిపోతున్నప్పుడు రాసినవి, గీతల్లా ఉన్నాయి. అడుగున ఇద్దరి సంతకాలు, వాటి మధ్య అర, అర, అంటే చెరో అర పాయింట్‌తో డ్రా.

*

ఆ ఆట పెట్రోవ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌తో, అంటే ఆరంభ ఎత్తుల వరుసతో, మొదలైంది. గడి పేరులో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డు వరుసది. తెల్ల పావులవారు రాజు ముందరి బంటును ఈ4కి తోస్తే మనమూ ఈ5కి తోస్తాం. వారు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి మన బంటు మీద గురిపెడతారు. సాధారణంగా ఎవరైనా ఆ బంటుకు కాపు పెడతారు. పెట్రోవ్‌లో కాపు పెట్టం. మన గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి వారి ఈ4 బంటు మీదే గురిపెడతాం. నువ్వు నా బంటును కొడితే నేనూ నీ బంటును కొడతానని రెండో ఎత్తులోనే చెప్పేయడం అది. 1794లో పుట్టిన అలెగ్జాండర్ పెట్రోవ్ అనే రష్యన్ ఆటగాడి పేరు దీనికి వచ్చింది. 1842లో కార్ల్ యానిష్ దీని మీద విశ్లేషణ ప్రచురించాడు. రష్యన్ గేమ్ అనే పేరు కూడా ఉంది.

నాకు దీన్ని నేర్పింది అన్నయ్య. రుయ్ లోపెజ్ అనే మరో ఓపెనింగ్ కొమ్మలన్నీ గుర్తుపెట్టుకునే వయసు నాకు ఇంకా రాలేదని, కొద్ది దారుల్లోనే ఎక్కువ లోతుకు వెళ్లవచ్చని వాడు దీన్ని ఎంచుకున్నాడు. మొదటి సాయంత్రం నేర్పింది ఓపెనింగ్ కాదు, అందులో ఉన్న గొయ్యి. తెల్ల గుర్రం ఈ5 బంటును కొట్టగానే ఆత్రంగా మన గుర్రంతో ఈ4 బంటును కొట్టకూడదు. కొడితే వారు మంత్రిని ఈ2కి తెస్తారు, మన గుర్రం భయపడి ఎఫ్6కి వెనక్కి వెళ్తుంది, అప్పుడు ఈ5 మీది తెల్ల గుర్రం సీ6కి దూకుతుంది. గుర్రం పక్కకు తప్పుకోవడంతో మంత్రి నుంచి మన రాజుకు చెక్ పడుతుంది, అదే గుర్రం మన మంత్రి మీద కూర్చుని ఉంటుంది. ముందు డీ6 బంటును జరిపి ఆ గుర్రాన్ని తరిమి, ఆ తర్వాతే ఈ4ను కొట్టాలి. ఈ మాట నోటితో చెప్పి ఊరుకోకుండా, ఆ సాయంత్రం నా చేత మూడుసార్లు ఆ గోతిలో పడేయించి మూడుసార్లూ నా మంత్రిని తీసేశాడు. ఈనాటికీ చెయ్యి దానంతట అదే డీ6 బంటు మీదికి వెళ్తుంది.

ఇంట్లో ఆడేటప్పుడు ఏనుగు, శకటం అనేవాళ్లం. అయితే ఏ పావును ఏనుగు అనాలో ఇంటింటికీ తేడా ఉండేది, ఒకరి ఏనుగు మరొకరికి శకటం అయ్యేది. అందువల్ల పోటీల్లోకి వచ్చిన పిల్లలమందరం మూలనుండే పావును రూక్, రాజు, మంత్రుల పక్కనుండే పావును బిషప్ అనడం అలవాటు చేసుకున్నాం. రాజు, మంత్రి, గుర్రం, బంటు మాత్రం మా నోళ్లలో అలాగే ఉండిపోయాయి.

అన్నయ్యకు ఒక నోటుబుక్కు ఉండేది. కార్పోవ్, కాస్పరోవ్ తొలిసారి ప్రపంచ టైటిల్ కోసం తలపడిన రోజుల్లో, పేపర్లో వచ్చిన ఎత్తుల్ని కత్తిరించి అందులో అంటించేవాడు. 1984లో మొదలైన ఆ మ్యాచ్ 48 ఆటల దాకా సాగింది, అందులో 40 డ్రాలే, ఒక దశలో వరుసగా 17. ఆరు గెలుపులు ఎవరు ముందు సాధిస్తే వారిదే టైటిల్. కార్పోవ్ ఐదు, కాస్పరోవ్ మూడు గెలిచి ఉండగా 1985 ఫిబ్రవరిలో మ్యాచ్‌ను మధ్యలోనే ఆపేశారు. కాస్పరోవ్ గెలిచిన ఆ చివరి ఆటలో కార్పోవ్ ఆడింది పెట్రోవ్ డిఫెన్సే. నేను మాత్రం అన్నయ్య పుస్తకంలో అర, అర అని ముగిసిన పేజీలన్నీ తిప్పేసేదాన్ని. గెలిచినవాడు లేని ఆటలో నేర్చుకునేది ఏముంటుందని అప్పటి నా నమ్మకం. వాడు మాత్రం వాటి దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవాడు.

*

పోటీ హాలు అనగానే నాకు ముందు వినిపించేది గడియారాల చప్పుడు. ఇప్పటి డిజిటల్ గడియారాలకు చప్పుడు లేదు, ఎత్తు ఎత్తుకూ సెకన్లు కలిపే ఏర్పాటు కూడా ఉంది. అప్పటివి రెండు ముఖాల చెక్క గడియారాలు, కీ ఇచ్చి తిప్పేవి. మొదటి గడువు ఆరు గంటల దగ్గర పూర్తయ్యేలా ముళ్లు పెట్టడం ఆనవాయితీ కాబట్టి, రెండు గంటల ఆటకు రెండు ముఖాలూ నాలుగు గంటలు చూపిస్తూ మొదలయ్యేవి. పెద్ద ముల్లు పన్నెండుకు దగ్గరయ్యే కొద్దీ అక్కడున్న చిన్న ఎర్ర జెండాను మెల్లగా పైకెత్తేది. గంట నిండగానే జెండా టప్పున పడేది. ఆ రెండు మూడు నిమిషాల్లో జెండా ఎంత పైకి లేచిందో చూసి మిగిలిన సెకన్లను అంచనా కట్టుకోవాలి, అంతకు మించి ఆధారం లేదు. 60 బోర్డుల మీద 60 గడియారాలు ఒకదానితో ఒకటి కలవకుండా కొట్టుకుంటుంటే, హాలు గుమ్మం దగ్గర అది ఒకే గుసగుసగా వినిపించేది. మన బల్ల మీదికి వంగితే అప్పుడు మన గడియారం ఒక్కటే విడిగా వినిపించేది.

ఆ రోజు ఎవరు ఎవరితో ఆడాలో చూపే పెయిరింగ్ కాగితంలో నా పేరు ఎదుట ఆయన పేరు చూసి, నల్ల పావులు అని చదివి, నేను బల్ల దగ్గరికి వెళ్లేసరికి ఆయన అప్పటికే కూర్చుని తన పావుల్ని ఒక్కొక్కటిగా గడుల మధ్యకు సర్దుతున్నారు. నా పావుల్లో ఒక గుర్రం పక్కకు చూస్తుంటే, "ఇది నీది, తల్లీ, నువ్వే సర్దుకో" అన్నారు. ఆయన వయసు మా తాతయ్య వయసుకు దగ్గర. చేతులు కలిపాం. నా గడియారం మీద చెయ్యి వేసి నొక్కాను, ఆయన వైపు ముల్లు కదలడం మొదలైంది.

ఆయన ఈ4 ఆడారు. నేను ఈ5. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6. ఆ రెండో ఎత్తు చూసి ఆయన కొద్దిగా తల ఊపారు. బంట్లు పోయాయి, గుర్రం వెనక్కి వచ్చింది, నా గుర్రం ఈ4 మీద కూర్చుంది. ఐదో ఎత్తులో ఆయన డీ4 బంటును తోశారు. ఈ బంటును గుర్తుంచుకోమని చదివేవారిని కోరుతున్నాను. నేను డీ5తో నా గుర్రానికి కాపు పెట్టాను. ఆయన బిషప్ డీ3, నేను బిషప్ ఈ7. ఆయన కాస్లింగ్ చేశారు (రాజునూ రూక్‌నూ ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రపరచడం), నేను రెండో గుర్రాన్ని సీ6కి తెచ్చాను. ఆయన రూక్ ఈ1కి వచ్చింది, నా బిషప్ జీ4కి వెళ్లింది. సీ3, ఎఫ్5. పదో ఎత్తులో ఆయన మంత్రి బీ3కి వచ్చి ఒకేసారి నా బీ7, డీ5 బంట్ల మీద చూపు నిలిపింది. నేను కాస్లింగ్ చేశాను. ఆయన రెండో గుర్రం డీ2కి వచ్చింది. ఇదంతా అన్నయ్య నోటుబుక్కులో ఉన్న దారే.

అక్కడ నేను గుర్రాన్ని ఏ5కి తీసుకెళ్లి ఆయన మంత్రి మీద పెట్టాను. మంత్రి ఏ4కి తప్పుకుని తిరిగి నా గుర్రం మీదే పడింది. గుర్రం సీ6కి వెనక్కి వచ్చింది. ఆయన మళ్లీ మంత్రిని బీ3కి తెచ్చారు. గుర్రం మళ్లీ ఏ5, మంత్రి ఏ4, గుర్రం సీ6. పదమూడో ఎత్తుకు బోర్డు మీది స్థితి రెండోసారి వచ్చింది. పదిహేనో ఎత్తులో ఆయన మంత్రి ఇంకొక్కసారి బీ3కి వస్తే అదే స్థితి, అదే నా వంతుతో, మూడోసారి వచ్చినట్టు. అప్పుడు నేను ఏ పావునూ ముట్టుకోకుండా ఆర్బిటర్‌ను, అంటే పోటీ న్యాయనిర్ణేతను, పిలిచి డ్రా అడగవచ్చు. ఆర్బిటర్‌తో అనవలసిన మాటల్ని మనసులో రెండుసార్లు చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నేను కోరుకున్నది అదే. అంత అనుభవమున్న మనిషి దగ్గర పదిహేను ఎత్తుల్లో అర పాయింట్ తీసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చని నా ఆశ.

ఆయన ఆ ఒక్క ఎత్తుకు ఇరవై నిమిషాలకు పైగా ఆలోచించారు. మధ్యలో ఒకసారి మంత్రి వైపు చెయ్యి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకున్నారు. చివరికి బిషప్‌ను పక్కనుంచి పట్టుకుని బీ5కి జరిపి, వేలు ఆనించి, గడియారం నొక్కారు. నా గుండె జారిపోయింది. అన్నయ్య నోటుబుక్కు అక్కడితో అయిపోయింది.

*

మధ్య ఆట గురించి ఎక్కువ చెప్పను. డీ2 దగ్గర గుర్రాలు మారాయి, బిషప్‌లు మారాయి, ఒక్కొక్క రూక్ పోయింది. నా గుర్రాన్ని ఈ5 మీదికి పంపడం తప్పు. ఆయన డీ4 బంటు దాన్ని కొట్టి ఈ5కి చేరింది, బదులుగా నేనొక పావును తీసుకున్నాను గానీ ఆ బంటు అక్కడే పాతుకుపోయింది. మంత్రులు మారాక ఒక బంటు తక్కువతో రూక్ ఆటలో పడ్డాను. తర్వాత రెండు వైపులా బంట్లు ఒకటొకటిగా రాలిపోయి, యాభై ఏడో ఎత్తుకు బోర్డు మీద ఐదు పావులే మిగిలాయి. ఆయన రాజు డీ5, రూక్ హెచ్7, ఐదో ఎత్తులో డీ4కి తోసిన ఆ బంటే ఈ5 మీద. నా రాజు ఈ8, రూక్ బీ1. ఎత్తు నాది. అప్పటికి ఆరు గంటల సెషన్ ముగిసింది.

ఇప్పటి పిల్లలకు ఈ పద్ధతి తెలియదు. ఆట ఆ రోజుతో తేలకపోతే మర్నాటికి వాయిదా వేసేవారు. వంతున్నవారు తమ ఎత్తును బోర్డు మీద ఆడకుండా, ఎదుటివారికి కనిపించకుండా కాగితం మీద రాసి కవరులో పెట్టాలి. ఇద్దరి స్కోర్ షీట్లూ అదే కవరులోకి వెళ్తాయి. దాన్ని అంటించి, పైన బోర్డు మీది స్థితి, ఇద్దరూ వాడుకున్న సమయం, రాసిపెట్టిన ఎత్తు ఎన్నోదో రాస్తారు. దాచిన ఎత్తు ఎదుటివారికి తెలియదు కాబట్టి రాత్రంతా ఇద్దరూ సమానమైన చీకట్లోనే ఆలోచించాలి. కంప్యూటర్లు బలపడ్డాక ఈ పద్ధతికి అర్థం లేకుండా పోయింది. ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లలో 1996లో కార్పోవ్, కామ్‌స్కీ ఆడినదానితో ఇది ముగిసింది.

నేను ఎడమ చేతిని అడ్డం పెట్టుకుని, రూక్ బీ6 అని రాసి కవరులో పెట్టాను. ఎందుకు ఆ ఎత్తు అని ఎవరైనా అడిగి ఉంటే సరైన జవాబు చెప్పలేకపోయేదాన్ని. ఆయన రాజు నా రాజు వైపు ఇంకొక్క అడుగు వేయకుండా ఆరో వరుస అంతటికీ నా రూక్‌ను కంచెలా వేయాలని మాత్రమే తోచింది.

భయం ఇంటికి వచ్చాక పట్టుకుంది. నా చేతిరాతలో ఇంగ్లిష్ చిన్న బీ అక్షరమూ ఆరు అంకే ఒకేలా ఉంటాయి. రాసిపెట్టిన ఎత్తు ఏమిటో తేల్చలేకపోతే ఆట ఓడినట్టే అన్నది నియమం. అది బీ6 లాగే ఉందా, ఆరు పక్కన ఆరులా ఉందా, బీ8లా కనిపిస్తుందా? చూసుకుందామంటే షీట్ కవరులో ఉంది. అన్నయ్య ఈ మాటలేవీ పట్టించుకోకుండా బోర్డు మీద ఐదు పావుల్నీ పెట్టి, వాడి దగ్గరున్న పాత ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) పుస్తకం తెరిచాడు. 1981 తర్వాత అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే గుర్తించడం మానేసిన పాత డిస్క్రిప్టివ్ పద్ధతిలో ఎత్తులు రాసిన పుస్తకం అది. ప్రతి గడికీ రెండు వైపుల నుంచి రెండు పేర్లు ఉంటాయి కాబట్టి, వాడు చదువుతుంటే నేను మనసులో తిప్పుకుని బోర్డు మీద ఆడేదాన్ని.

అర్ధరాత్రి దాటాక ఒక పటం దగ్గర వాడి వేలు ఆగింది. మా ఐదు పావులే, కొద్ది తేడాతో. అది ఫిలిడోర్ చూపిన స్థితి. సంగీతం కూర్చే ఆ ఫ్రెంచ్ మనిషి 1777లో దీన్ని ప్రచురించాడు. బంటు లేనివాడు తన రూక్‌ను ఆరో వరుసలో ఉంచాలి. బంటు ఐదో వరుసలో ఉన్నంతకాలం అక్కడే అటూ ఇటూ జరుపుతూ ఓపిక పట్టాలి. రాజు ముందుకు రాలేడు కాబట్టి చివరికి బంటే ఆరో వరుసలోకి రావాలి. అది అడుగు వేసిన క్షణంలోనే రూక్ బోర్డు చివరికి, ఒకటో వరుసకు దిగిపోవాలి. బంటు ముందుకు వెళ్లిపోవడం వల్ల తెల్ల రాజుకు తలదాచుకునే చోటు ఉండదు, వెనకనుంచి చెక్కుల మీద చెక్కులు పడుతూనే ఉంటాయి.

"నువ్వు దాచింది ఏ ఎత్తు?" అని అన్నయ్య అప్పుడు అడిగాడు. చెప్పాను. వాడు ఏమీ అనలేదు. పుస్తకం నా వైపు తిప్పి, రూక్ ఎక్కడుందో చూపించాడు. ఇంకా వేరే దారుల్లోనూ డ్రా చేయవచ్చు గానీ, అన్నిటికంటే సులువైనది అదే. ఆ రాత్రి వాడు తెల్ల పావులతో, నేను నల్ల పావులతో, నా చెయ్యి ఆలోచించకుండా వెళ్లేదాకా ఆడుతూనే ఉన్నాం.

*

మర్నాడు ఉదయం హాలులో వాయిదా పడ్డ బోర్డులు నాలుగో ఐదో ఉన్నాయి. అన్ని గడియారాల గుసగుస లేదు. ఆర్బిటర్ కవరు మీది స్థితి చూసి పావులు పెట్టారు, ముళ్లు సరిచేశారు, కవరు చించారు. షీట్ తీసి చదివారు. కళ్లద్దాలు పైకి జరుపుకుని మళ్లీ చదివారు. ఆ రెండోసారి చదవడం నా జన్మలో మరచిపోను. తర్వాత నా రూక్‌ను బీ6లో పెట్టి పెద్దాయన గడియారం నడిపించారు.

ఆయన రూక్ చూశారు, నన్ను చూశారు. రూక్‌ను ఏడో వరుసలో జీ7కి జరిపారు. నేను ఏ6కి జరిపాను. మళ్లీ హెచ్7. నేను బీ6. ఇలా అరవై నాలుగో ఎత్తు దాకా సాగింది. అరవై ఐదో ఎత్తులో ఆయన ఆ బంటును ఈ6కి తోశారు. రాత్రి అంతసేపు ఆడి ఉన్నా, నా చెయ్యి వణికింది. రూక్‌ను బీ1కి దింపాను. ఆయన రాజు డీ6కి వచ్చింది, నేను డీ1 నుంచి చెక్. రాజు ఈ5, ఈ1 నుంచి చెక్. రాజు ఎఫ్6, ఎఫ్1 నుంచి చెక్. రాజు తిరిగి ఈ5కి వస్తే మళ్లీ ఈ1. డెబ్బయ్యో ఎత్తుగా రాజును డీ6లో పెట్టి, వేలు ఆనించి, "డ్రా?" అన్నారు, ఆ తర్వాత గడియారం నొక్కారు. ముందు ఎత్తు, తర్వాత మాట, ఆ తర్వాత గడియారం. నియమం చెప్పే వరుస అదే, ఆయన దాన్ని ఒక చిన్నపిల్ల ముందు కూడా తప్పలేదు. నేను చెయ్యి చాచాను.

*

కొన్నేళ్ల తర్వాత పెట్రోవ్ గురించి ఒక సంగతి చదివి, అన్నయ్య డ్రాల పేజీల దగ్గర ఎందుకు ఆగేవాడో నాకు తెలిసింది. 1987లో శాన్ ఫ్రాన్సిస్కోలో టోనీ మైల్స్, లారీ క్రిస్టియన్సన్ ఇదే ఓపెనింగ్ ఆడారు. ఐదో ఎత్తులో మైల్స్ గుర్రాన్ని సీ3కి తెస్తే, క్రిస్టియన్సన్ బిషప్‌ను ఎఫ్5కి తెచ్చాడు. ఆట 20 ఎత్తుల్లో డ్రాగా ముగిసింది. డ్రా అయింది కాబట్టి ఆ బిషప్ ఎత్తు మంచిదే అనిపిస్తుంది. మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో కొలంబియా ఆటగాడు సపాటా మీద యువకుడైన విశ్వనాథన్ ఆనంద్ అదే ఎత్తు ఆడారు. సపాటా మంత్రిని ఈ2కి తెచ్చాడు. ఈ4 మీది గుర్రం వెనక రాజు ఉండటంతో అది కదల్లేదు, డీ5తో కాపు పెడితే డీ3 బంటు వచ్చి కొడుతుంది. ఆనంద్ ఆరో ఎత్తుకే ఓటమి ఒప్పుకున్నారు. తర్వాత ప్రపంచ విజేత అయిన మనిషికి ఎదురైన ఆ ఓటమి, అర పాయింట్ల కింద ఎవరూ తవ్వి చూడని చోట దాగి ఉంది. గెలుపోటముల ఆటల్లో తప్పును అందరూ వెతుకుతారు. డ్రా ఆటలో తప్పు అలాగే నిద్రపోతూ ఉంటుంది.

2018లో లండన్‌లో ప్రపంచ టైటిల్ కోసం కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ ఆటలూ డ్రా అయినప్పుడు విసుక్కున్నవారు చాలామంది. నేను ఆరో ఆట తెర మీద చూస్తూ ఉన్నాను. కరువానా నల్ల పావులతో పెట్రోవ్ ఆడి, 80 ఎత్తుల దాకా తీసుకెళ్లాడు. 68వ ఎత్తు దగ్గర కంప్యూటర్ నల్లవారికి గెలుపుందని చూపించింది, బిషప్‌ను హెచ్4కి జరపడంతో మొదలయ్యే చాలా పొడుగాటి దారి. బల్ల దగ్గరున్న ఇద్దరికీ ఆ సూచన అందదు. తెర ఇవతల కూర్చుని జవాబు తెలిసిన నాకు ఆ రాత్రి తెలిసిన సుఖం కంటే, కవరులో ఏముందో తెలియని ఆ పాత రాత్రి సుఖమే ఎక్కువ అనిపించింది.

*

డ్రా అయ్యాక పెద్దాయన లేవలేదు. పావులన్నీ మొదటి స్థానాల్లో పెట్టడం మొదలుపెట్టారు. ఎండ్‌గేమ్ గురించి మాట్లాడతారనుకున్నాను. "ఫిలిడోర్ ఎవరు చూపించారు?" అని ఒక్క ప్రశ్న వేసి, అన్నయ్య అని చెబితే, "మంచి అన్నయ్య" అని, పదిహేనో ఎత్తు దాకా చకచకా ఆడేసి ఆగారు. ఏ4 మీది మంత్రిని తాకి, "ఇక్కడ నువ్వు ఆర్బిటర్ వైపు రెండుసార్లు చూశావు" అన్నారు. నాకు సిగ్గు వేసింది. నేను డ్రా కోసం ఎదురుచూశానని ఒప్పుకుని, "బిషప్ బీ5 వల్ల మీకు లాభం వస్తుందని అనుకున్నారా, సార్?" అని అడిగాను.

"ఏమంత లాభం లేదు తల్లీ. మంత్రిని బీ3కి పెట్టి ఉంటే ఈ పాటికి నేనూ ఇంట్లో ఉండేవాణ్ని. పదిహేను ఎత్తులకే లేవబుద్ధి కాలేదు. నీ ఆట ఇంకా మొదలే కాలేదు కదా."

తర్వాత గంటన్నర సేపు ఆ బిషప్ ఎత్తు నుంచి రాగల దారులన్నీ చూశాం. నా గుర్రం ఈ5కి వెళ్లిన చోట ఆగి, వెళ్లకుండా ఉంటే ఏమయ్యేదో నా చేతే ఆడించారు. మేము లేచేసరికి ఆ బల్ల తప్ప మిగతావన్నీ మడిచి గోడకు ఆనించి ఉన్నాయి.

*

నిన్నటి నుంచి ఆ షీట్‌ను తెల్లకాగితం మీద విడివిడి అక్షరాలతో తిరగరాస్తున్నాను, చిన్న బీలకూ ఆరు అంకెలకూ తేడా తెలిసేలా. కార్బన్ చాలావరకు నిలిచింది గానీ, మడత సరిగ్గా ముప్పై మూడో ఎత్తు మీదుగా పోవడంతో ఆయన ఎత్తు చెరిగిపోయింది. రూక్‌కు రాసే అక్షరం మాత్రం కనిపిస్తోంది, గడి పేరు లేదు. ఆయన కూతురికి ఖాళీ గడితో పంపడం నాకు ఇష్టం లేకపోయింది. బోర్డు పెట్టుకుని మొదటి నుంచి ఆడుతూ వచ్చాను. ముప్పై రెండో ఎత్తుకు ఆయనకు మిగిలిన ఒక్క రూక్ ఈ1లో ఉంది. ముప్పై నాలుగో ఎత్తు చక్కగా కనిపిస్తోంది, రూక్ డీ7. ఈ1 నుంచి ఈ నిలువు వరుసలో పైకి పోయి ఏడో వరుస మీదుగా రావడానికి వీల్లేదు. దారిలో ఆయన బంటే ఉంది, ఈ5 మీద. కాబట్టి డీ7కు డీ వరుస నుంచే ఎక్కాలి, ఈ1 నుంచి డీ వరుసకు పోగల గడి ఒక్కటే.

ముప్పై మూడో ఎత్తు, రూక్ డీ1. పెన్సిల్‌తో కాదు, ఇంకుతోనే రాశాను.